‘పరజా’ నవలలో సుక్రు జాని కుటుంబానికి తప్పించుకునే దారి ఎక్కడైనా ఉందా?

ప్రశ్న: వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. నేను గుణుపురంలో ఒడియా బోధించే అధ్యాపకుణ్ణి. ఇంట్లో మాది తెలుగే. ఈ ఏడాది సాయంత్రాలు ఆసక్తి ఉన్న డిగ్రీ విద్యార్థులను పది పన్నెండు మందిని కూర్చోబెట్టుకుని, గోపీనాథ మహంతి గారి ‘పరజా’ నవలను మూలంలోనే కొద్దికొద్దిగా చదివిస్తున్నాను. 1945లో వెలువడిన ఈ నవల మన కోరాపుట్ కొండల్లోనే జరుగుతుంది గనుక, అందులోని సంతనూ, వాగునూ, చోడి (రాగి) చేనునూ, సారా బట్టీనీ మా పిల్లలకు విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. విడమరచి చెప్పలేకపోయినది వేరొకటి ఉంది. దాని కోసమే ఇక్కడ అడుగుతున్నాను.

చదవని వారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. సుక్రు జాని పరజా తెగకు చెందిన రైతు. భార్యను పులి ఎత్తుకుపోయింది. మాండియా, టిక్రా అని ఇద్దరు కొడుకులు, జిలి, బిలి అని ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. పిల్లలకు పెళ్లిళ్లు చేసి తన గుడిసె పక్కనే వాళ్లకూ ఇళ్లు లేపాలన్నది అతడి ఆశ. జిలి మీద కన్ను వేసిన ఫారెస్టు గార్డు, తన కోరిక చెల్లకపోయేసరికి, అడవి నరికారని కేసు పెట్టిస్తాడు. జరిమానా కట్టడానికి చేతిలో రొక్కం లేక, తండ్రీ చిన్న కొడుకూ షావుకారు దగ్గర గోతులుగా కుదురుతారు. అప్పు తీరేదాకా అప్పిచ్చిన వాడి ఇంట చాకిరీ చేసే మనిషిని అక్కడ గోతి అంటారు. పిల్లను చేసుకోవడానికి ఇవ్వవలసిన ఓలి సొమ్ము కూడబెట్టుకోవాలని దొంగచాటుగా సారా కాచిన పెద్ద కొడుకు పట్టుబడి, అతడికీ జరిమానా పడి, అతడూ అదే వాకిట చేరతాడు. ఆడపిల్లలిద్దరూ రోడ్డు పనికి కూలికి పోతారు. భూమి తాకట్టులో చిక్కుకుంటుంది, జిలి షావుకారు పంచన చేరుతుంది, కోర్టుకెక్కితే వ్యాజ్యం ఓడిపోతుంది. ఆఖరున షావుకారును గొడ్డలితో నరికి, తమంతట తామే పోలీసు ఠాణాకు నడిచివెళ్లి లొంగిపోతారు.

మొన్న మాండియా పట్టుబడే భాగం చదివిన తరువాత ఒక సవర కుర్రవాడు లేచి, “సార్, వీళ్లు పారిపోవచ్చు కదా? నాలుగు కొండలు దాటితే వెతికి పట్టుకునేదెవరు?” అని అడిగాడు. నేను పది నిమిషాల పాటు ఏదో చెప్పాను గాని, నా జవాబు నాకే రుచించలేదు. ఆ కుటుంబంలో చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషి ఒక్కడు కూడా లేడు. ఆపద వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి చేశారు. చేసిన ప్రతి పనీ ఉరిని ఇంకాస్త బిగించింది. దీన్ని అమాయకత్వం అనడానికి నాకు మనసు ఒప్పుకోవడం లేదు, ఓర్పు అనడానికీ ఒప్పుకోవడం లేదు. వాళ్లు తప్పించుకోగలిగిన మలుపు నవలలో ఎక్కడైనా ఉందా? ఆ పిల్లవాడికి ఏమని చెప్పాలి?

జవాబు: కొండవాలు (కోరాపుట్)

మాస్టారూ, మీ ప్రశ్న చదివి నిన్న రాత్రి ఆ నవలను మళ్లీ తిరగవేశాను. నేను ముప్పై ఏళ్ల పాటు బ్యాంకులో గ్రామీణ రుణాల పని చూసి రిటైరైన వాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన కోణం నుంచే రాస్తాను.

ఆ ఇంట్లో లేనిది ఆస్తి కాదు, రొక్కం. భూమి ఉంది, ధాన్యం ఉంది, నలుగురు పిల్లల ఎనిమిది చేతులు ఉన్నాయి. కాని జరిమానాను చోళ్లతో కొలిచి కట్టించుకోరు. ఆ గడువులో ఆ కొండ మీద నాణేలు ఇవ్వగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, అతడే షావుకారు. అప్పుడు సుక్రు జాని ముందు రెండే మార్గాలున్నాయి. ఒకటి భూమిని అప్పగించడం, రెండవది మనుషులను అప్పగించడం. భూమి పోతే తిరిగి రాదు, మనిషి కష్టం చేసి తిరిగి వస్తాడు అని అతడు లెక్క వేసుకున్నాడు. తానూ చిన్నవాడూ వెళ్లి, సేద్యం చేయగల పెద్ద కొడుకును పొలం మీద ఉంచాడు. ఆదాయం ఇచ్చే దాన్ని చివరిదాకా కాపాడుకో అని నేను నా కుర్చీలో కూర్చుని రైతులకు చెప్పిన సలహా కూడా అదే. కాబట్టి అతణ్ణి అమాయకుడని నేను అనలేను.

లెక్క తప్పినది మరో చోట. ఏడాది లెక్కన కుదిరే పాలేరుకు, అంటే కంబారికి, ఏడాది తిరిగేసరికి ఒప్పందం ముగుస్తుంది. ఇష్టమైతే మళ్లీ కుదురుతాడు, లేకపోతే ఇంకో కామందును చూసుకుంటాడు. గోతికి ఏడాది ముగింపు అనేదే లేదు, ఎందుకంటే అతడి కూలి ఎంతో, వడ్డీ ఎంతో, తిన్న అంబలికి ఎంత కోసుకున్నారో, జ్వరం వచ్చి పడుకున్న రోజులకు ఎంత విరుచుకున్నారో రాసే కలం అవతలి వాడి చేతిలో ఉంది. అప్పు తీరకుండా మనిషి పోతే అది అతడి కొడుకు మీద పడుతుంది. మన తెలుగు చెవికి గోతి అన్న మాట గొయ్యిని గుర్తు చేస్తుంది. మాటల పుట్టుకలు వేరు కావచ్చు గాని, ఆ మాట వినగానే నాకు ప్రతిసారీ గొయ్యే కళ్ల ముందు కనబడుతుంది.

మీ విద్యార్థికి చట్టం సంగతి కూడా చెప్పండి. కోరాపుట్ ప్రాంతం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. ఆ ఏజెన్సీ ప్రాంతాల కోసం 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. గిరిజనుడి దగ్గర ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ తీసుకోరాదనీ, మొత్తం వడ్డీ అసలును మించరాదనీ, ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా అతడి భూమి గిరిజనేతరుడి చేతికి పోరాదనీ అందులో ఉంది. అంటే సుక్రు జాని కోర్టు మెట్లు ఎక్కే నాటికి అతడి పక్షాన చట్టం ఉంది. లేనిది సాక్ష్యం. రుణ వెట్టిని రద్దు చేస్తూ ఒడిశా ప్రభుత్వం 1948లో నిబంధన తెచ్చింది. దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఊరంతా బాకీ ఉన్న షావుకారుకు ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పే మనిషిని మాత్రం ఏ చట్టమూ తయారు చేసి ఇవ్వలేదు.

పారిపోవడం గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఒకడు పారిపోతే ఆ బాకీ ఇంట్లో మిగిలిన వాళ్ల మీద పడుతుంది. అందరూ కలిసి పారిపోతే, ఏ భూమి కోసం తమను తాము తాకట్టు పెట్టుకున్నారో ఆ భూమి షావుకారుకు ఉచితంగా దక్కుతుంది.

జవాబు: నాగావళి గట్టు (రాయగడ)

పై జవాబులో చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. కాని ఇద్దరూ నవలను తండ్రి వైపు నుంచే చదివారనిపించింది. గృహిణిని నేను; ఈ నవలను పెళ్లికి ముందు ఒకసారి, మా అమ్మాయి పెళ్లయ్యాక ఒకసారి చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు నా చూపు జిలి మీదనే నిలిచిపోయింది.

మాస్టారు గారూ, తప్పించుకోగలిగిన మలుపు నవలలో ఉంది. అది మొదట్లోనే వస్తుంది. ఫారెస్టు గార్డు కబురు పంపినప్పుడు తండ్రి తల ఊపి ఉంటే కేసూ లేదు, జరిమానా లేదు, గోతీ లేదు. ఆ కుటుంబానికి తెరిచి ఉన్న తలుపు అదొక్కటే, దాని వెల కూతురు. ఆ తలుపును సుక్రు జాని తన చేత్తో తానే మూశాడు. ఆ తరువాత వచ్చిన కష్టమంతా ఆ ఒక్క ‘కుదరదు’కు చెల్లించిన మూల్యం. కడుపు మండే విషయమేమిటంటే, ఏ పిల్లను ఇవ్వనని అతడు అంత పట్టుబట్టాడో, ఆ పిల్లే చివరకు తనంతట తానుగా షావుకారు ఇంటికి నడిచి వెళ్లవలసి వచ్చింది. పేదరికం మొదట అడిగినదాన్నే వందల పుటల తరువాత తీసుకుపోయింది. పారిపోవచ్చు కదా అని అడిగిన అబ్బాయికి నేనైతే ఈ సంగతే చెబుతాను.

జిలి షావుకారు దగ్గరకు వెళ్లడాన్ని పతనంగా చదివే వాళ్లను నేను చాలామందిని చూశాను, అందుకు బాధపడతాను కూడా. ఆమె మనసు పెట్టుకున్న బాగ్లా, అన్న మాండియా ఆశ పెట్టుకున్న కాజోడినే ఎత్తుకుపోయి పెళ్లాడాడు. ఒక్క దెబ్బతో అన్నా చెల్లెలూ ఇద్దరి బతుకులూ చెదిరిపోయాయి. ఇంట్లో మగవాళ్లు ముగ్గురూ పరాయి వాకిట చాకిరీలో ఉన్నారు. రాత్రిపూట ఇద్దరు ఆడపిల్లలు తలుపు బిగించుకుని గుడిసెలో ఉండడం ఎలా ఉంటుందో ఆలోచించండి. రోడ్డు పనికి వెళితే కూలి డబ్బు మొదటిసారి తమ చేతిలో పడింది, కాని దానితో పాటు మేస్త్రీల చూపులూ పడ్డాయి.

ఇల్లు ఎలా నెట్టుకొస్తుందన్నది అసలు పొయ్యి దగ్గర తెలుస్తుంది. నా చిన్నతనంలో కాశీపురం కొండల వైపు నుంచి మా ఇంటికి ఎండు కట్టెల మోపు తెచ్చే ఒక ఆమె ఉండేది. పేరు రాయను. మా అమ్మ ఆమెకు గంజి పోసేది. ఒక ఆషాఢంలో ఆమె గోనెసంచి నిండా మామిడి టెంకలు ఏరుకుని పోతుంటే, ఎందుకని అడిగాను. నేల మీద కూర్చుని ఒక టెంకను రాయితో పగలగొట్టి లోపలి జీడి చూపించింది. దాన్ని ముక్కలు చేసి, బుట్టలో వేసి, పారే వాగులో రోజుల తరబడి ఉంచితే వగరు పోతుందట. ఆ తరువాత ఎండబెట్టి, దంచి, ఆ పిండితో అంబలి కాస్తారట. చోళ్లు నిండుగా ఉన్నప్పుడు ఇందులో పిడికెడు కలుపుతామనీ, చోళ్లు తగ్గే కొద్దీ ఇది పెరుగుతుందనీ, చివరికి ఇదే మిగులుతుందనీ ఆమె చెప్పింది. 2001లో కాశీపురం బ్లాకులో టెంక అంబలి తాగి జనం చనిపోయినప్పుడు, అది వాళ్ల అలవాటు తిండే అన్న మాట చాలా వినిపించింది. నాకు ఆమె చేతిలోని ఆ తెల్లటి జీడే గుర్తుకు వచ్చింది. ఇంట్లో గింజ ఉన్నవాళ్లెవరూ వట్టి టెంకతో అంబలి కాచుకోరు.

నవలలో ఈ కుటుంబం నిలబడిన తీరు కూడా ఇలాంటిదే. చోళ్లలో టెంకపిండి కలిపినట్టు, ఉన్నదానిలో లేనిదాన్ని కొద్దికొద్దిగా కలుపుకుంటూ పోయారు. మొదట ఇద్దరు మనుషులు, తరువాత మూడోవాడు, తరువాత ఆడపిల్లల కూలి, తరువాత భూమి. అయినా ఆ మధ్యలో వాళ్లు పాట మానలేదు, పండుగ మానలేదు, పెళ్లి మాట మానలేదు. ఈ సంగతి విద్యార్థులకు తప్పకుండా చూపించండి. దాన్ని నేను ఓర్పు అనను. రేపు మనం మళ్లీ ఒక ఇల్లుగా ఉంటాం అన్న నమ్మకాన్ని వాళ్లు ఎవరి దగ్గరా తాకట్టు పెట్టలేదు.

జవాబు: కొండవాలు (కోరాపుట్)

అమ్మా, మీరు చెప్పినది నిజం. గార్డు కబురును నేను కేసుకు కారణంగా మాత్రమే చూశానే గాని, తలుపుగా చూడలేదు. నా లెక్క జరిమానా దగ్గర మొదలైంది. అంతకు ముందే తండ్రి చెల్లించడం మొదలుపెట్టాడన్నది నాకు తట్టలేదు.

జవాబు: సంతవీధి (జయపురం)

నాకు డెబ్బై నాలుగేళ్లు. మనుమరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను. మీరందరూ సుక్రు జాని ఇంట్లో నిలబడి మాట్లాడుతున్నారు. నేను ఆ అరుగు మీద నిలబడలేను. మా ఇల్లు ఎదుటి అరుగు.

మా తాతగారు విజయనగరం వైపు నుంచి జయపురం వచ్చి, ఉప్పు, పొగాకు, బట్టలు ఎద్దుల మీద కొండలకు పంపి, బదులుగా ధాన్యం, చింతపండు, పిప్పళ్లు తెప్పించేవారు. ఈ సరిహద్దు పట్టణాలలో మన తెలుగువాళ్లలో చాలామంది ఇలాగే స్థిరపడ్డాం. నవలలోని షావుకారు రామచంద్ర బిసోయి తెలుగువాడు కాదు గదా అని నేను చాలాకాలం ఊరట చెందాను. ఆ ఊరట మా తాతగారి చిట్టా పుస్తకం చేతికి వచ్చిన రోజున పోయింది.

ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం అది. రాతంతా తెలుగే. ఒక పుటలో ఒక మనిషి పేరు, అతడి ఊరి పేరు, దాని కింద ‘చోళ్లు కుంచాలు 6, నాగుతో 9’ అని ఉంది. గింజ అప్పుకు గింజలోనే కట్టే వడ్డీని నాగు అంటామన్నది ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు. మరుసటి ఏడు అదే పుటలో ‘బాకీ 9, నాగుతో 13½’ అని, ఆ పై ఏడు ‘20¼’ అని ఉంది. ఆరు కుంచాలు తీసుకున్న మనిషి మూడేళ్లలో ఇరవై దాటాడు. పక్కన ప్రతి ఏడూ మసితో వేయించిన బొటనవేలి ముద్ర ఉంది. నాలుగో ఏడు ముద్ర చిన్నది. నేను ముందు సరిగా పడలేదేమో అనుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే గీతలన్నీ స్పష్టంగానే ఉన్నాయి. అది పిల్లవాడి వేలు.

మా తాతగారు దుర్మార్గుడని నేను రాయలేను. నన్ను ఒడిలో కూర్చోబెట్టుకుని పద్యాలు నేర్పిన మనిషి ఆయన. ఇంటికి వచ్చిన వాళ్లకు అన్నం పెట్టకుండా పంపేవారు కాదు. ఆ పుస్తకం రాసినదీ ఆయనే. ఈ రెండూ కలిపి చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినవాణ్ణి అవుతాను.

గోపీనాథ మహంతి గారు ఈ జిల్లాలో ప్రభుత్వాధికారిగా పనిచేస్తూనే ఇక్కడి మనుషుల గురించి రాశారని మీకు తెలుసు. 1953లో ఆయన రాయగడలో ఉండగా, ఈ ప్రాంతపు షావుకార్లూ భూస్వాములూ కలిసి, ఆయన కొండవాళ్ల పక్షం వహిస్తున్నారని ప్రధాని నెహ్రూకు అర్జీ పంపారు. ఆ అర్జీ సంగతి నాకు చదివాక గాని తెలియలేదు. తెలిసిన నాటి నుంచి, దాని కింద సంతకం చేసిన చేతులు ఎలాంటివా అని ఆలోచిస్తూ ఉంటాను. వేలిముద్ర వేయవలసిన అవసరం లేని చేతులు అవి.

మాస్టారు గారు ఆఖరి ఘట్టం గురించి ఏమీ అడగలేదు. అడిగినా నేను మీ విద్యార్థులకు ఆ గొడ్డలిని విజయమని చెప్పలేను, నేరమని చెప్పి వదిలేయనూ లేను. ఒక్క సంగతి మాత్రం గమనించమని చెప్పండి. ఆ రోజున కూడా వాళ్లు షావుకారు దగ్గరకు ముందు వెళ్లింది ప్రాధేయపడడానికే. మా భూమి మాకు ఇవ్వండి అని అడగడానికే. మనుషులనూ, భూమినీ, వ్యాజ్యాన్నీ పోగొట్టుకున్న తరువాత కూడా అడిగి చూద్దాం అనే అనుకున్నారు. అతడు నోటికి వచ్చినట్టు తిట్టిన తరువాతే గొడ్డలి లేచింది. మా తాతగారి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్లను నేను చిన్నప్పుడు చూశాను. వాళ్లు ఎంతసేపు నిలబడేవారో నాకు తెలుసు.

ప్రశ్న అడిగినవారు: వంశధార ఒడ్డు (గుణుపురం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మీ జవాబులను పిల్లలకు చదివి వినిపించాను. రాయగడ అమ్మగారు చెప్పిన తలుపు మాట వినగానే, పారిపోవచ్చు కదా అని అడిగిన కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తమ ఊరి నుంచి కేరళకు పనికి పోయిన అన్న గురించి చెప్పాడు. అన్న వెళ్లేముందు ఇంటి ఖర్చుకని అడ్వాన్సు తీసుకున్నాడట. ఆ సొమ్ము తీరేదాకా పండుగకైనా ఇంటికి రాలేడట. “మావాడు కొండలు దాటాడు సార్, బాకీ కూడా వాడితోనే దాటింది” అన్నాడు. నేను ఇవ్వలేని జవాబు అతడి దగ్గరే ఉంది; నేను ముందు అతణ్ణే అడిగి ఉండవలసింది.

జయపురం పెద్దవారికి ఒక మనవి. ఆ చిట్టా పుస్తకంలోని ఆ పుటను ఫొటో తీసి పంపగలరా? పేర్లూ ఊర్లూ కనబడకుండా కప్పివేస్తాను. ఆరు తొమ్మిదిగా, తొమ్మిది పదమూడున్నరగా మారే ఆ వరుసను పిల్లలు కళ్లతో చూడాలని నా కోరిక.

జవాబు: సంతవీధి (జయపురం)

ఫొటోలో ఆ చిన్న ముద్ర సరిగా తెలియదు నాయనా. వచ్చే వారం మా తమ్ముడి ఇంటికి గుణుపురం వస్తున్నాను. పుస్తకం వెంట తెస్తాను. పిల్లలను ఒక అరగంట ఉండమనండి. ఆ రాత ఈ కాలం వాళ్లకు చదవడం కష్టం, నేనే చదివి చెబుతాను.